జీన్ హంట్‌ని జనం ఎందుకంత ప్రేమించారు: లైఫ్ ఆన్ మార్స్ మీద నా సమాధానం

ప్రశ్న అడిగినాయన రాసింది క్లుప్తంగా ఇది: లైఫ్ ఆన్ మార్స్ గొప్ప సీరీస్ అని ఎక్కడ చూసినా రాస్తున్నారు, నేను నాలుగు ఎపిసోడ్లు చూశా, అందులో హీరో కన్నా నిందితుల్ని గోడకేసి కొట్టే ఆ పెద్దాఫీసరే హీరోలా ఉన్నాడు, ఇది లాకప్ దెబ్బల్ని పొగిడే సీరీస్ కాదా, క్రిటిక్స్ ఏం చూసి అంత మెచ్చుకున్నారు, అమెరికా వాళ్ళది కొరియా వాళ్ళది కూడా ఉన్నాయట అవి చూడొచ్చా అని.

మంచి ప్రశ్న అండి. నేను టీవీకి క్రైమ్ ఎపిసోడ్లు రాసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నా, పాతకాలం పోలీసు కథలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఈ సీరీస్‌ని మా రైటింగ్ రూములో కొత్తగా వచ్చిన పిల్లలకి తప్పకుండా చూపిస్తుంటా, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా. ముగింపు గురించి కూడా మాట్లాడక తప్పదు, ఎందుకంటే మీ అనుమానానికి అసలు జవాబు ముగింపులోనే ఉంది, అదీ దీని తర్వాత వచ్చిన సీరీస్ ముగింపులో. తెలిసిపోతే పర్లేదు అనుకుంటేనే చదవండి.

చూడని వాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తా. 2006లో మాంచెస్టర్‌లో డీసీఐగా, అంటే డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసే సామ్ టైలర్‌ని కారు గుద్దుతుంది, కళ్ళు తెరిచేసరికి 1973లో ఉంటాడు, అక్కడ ఒక మెట్టు కింద డీఐ ఉద్యోగం, పైన బాసు జీన్ హంట్. తను కోమాలో ఉన్నాడా, పిచ్చెక్కిందా, నిజంగానే వెనక్కి వచ్చాడా తెలీదు. వారం వారం ఒక కేసు, మధ్యమధ్యలో హాస్పిటల్ మెషీన్ల చప్పుడు, టీవీలోంచి మాట్లాడే చిన్నపిల్ల. బీబీసీ వన్‌లో 2006 జనవరి 9న మొదలై 2007 ఏప్రిల్ 10కి అయిపోయింది, రెండు సీజన్లు కలిపి పదహారే ఎపిసోడ్లు. సామ్‌గా జాన్ సిమ్, జీన్ హంట్‌గా ఫిలిప్ గ్లెనిస్టర్. వారానికి సుమారు 70 లక్షల మంది చూశారు. ఇంటర్నేషనల్ ఎమ్మీ రెండుసార్లు వచ్చింది, 2006లో ఒకసారి 2008లో ఒకసారి, బాఫ్టాలో ప్రేక్షకులు ఓట్లేసి ఇచ్చే అవార్డు 2007లో దీనికే దక్కింది.

ఇప్పుడు క్రిటిక్స్ ఏం మెచ్చుకున్నారు అంటే, వాళ్ళు ముందు మెచ్చుకున్నది ఐడియాని, ఆ ఐడియాని మొదటి గంటలోనే అంత ధైర్యంగా నడిపించిన తీరుని. ఈ కథ 1998లోనే పుట్టింది, మాథ్యూ గ్రాహం, టోనీ జోర్డన్, ఆష్లీ ఫారో అనే ముగ్గురు రైటర్లని కుడోస్ అనే కంపెనీ కొత్త ఐడియాల కోసం బ్లాక్‌పూల్ పంపిస్తే అక్కడ తట్టింది, అప్పట్లో దీని పేరు ఫోర్డ్ గ్రనాడా, డెబ్భైల్లో వచ్చిన కారు పేరు. బీబీసీ వద్దంది, తర్వాత ఛానల్ 4 కొంతదాకా తీసుకెళ్ళి వదిలేసింది, చివరికి బీబీసీ వేల్స్ చేతికొచ్చి తెరకెక్కేసరికి ఏడెనిమిదేళ్ళు పట్టింది. ఎందుకు వద్దన్నారో ఊహించడం కష్టం కాదు, పోలీసు కథలోకి కోమా, టైమ్ ట్రావెల్ తెస్తే నవ్వులాట అయిపోతుందన్న భయం ఏ ఛానల్ మీటింగులో అయినా మొదట వచ్చే భయం.

నాకు మాత్రం ఆ ఐడియాలో నచ్చేది టైమ్ ట్రావెల్ కాదు. పాతకాలం పోలీసు డ్రామా రాసేవాళ్ళందరికీ ఒక చిక్కుంటుంది, ఆ కాలం మనుషుల్ని ఉన్నదున్నట్టు రాస్తే ఇప్పటి ప్రేక్షకుడికి వాళ్ళ మీద అసహ్యం పుడుతుంది, ఆడవాళ్ళతో మాట్లాడే తీరు గానీ, నల్లవాళ్ళని పిలిచే తీరు గానీ, స్టేషన్లో చెయ్యి చేసుకునే తీరు గానీ. అందుకని మామూలుగా ఏం చేస్తారంటే ఆ కాలంలోనే ఒక మంచి పోలీసుని పుట్టిస్తారు, వాడు 1960ల్లో ఉంటాడు కానీ ఆలోచనలన్నీ మనవి, ఎవర్నీ కొట్టడు, ఎవర్నీ తక్కువ చెయ్యడు. ఎండీవర్‌లో మోర్స్ ఉన్నాడు, ఇన్‌స్పెక్టర్ జార్జ్ జెంట్లీ ఉన్నాడు, రెండూ నాకిష్టమే, బాగా తీశారు, కానీ ఆ పెద్దమనుషులు వాళ్ళ కాలానికి కొంచెం ఎక్కువ మంచివాళ్ళు అని చూస్తున్నంతసేపూ తెలుస్తూనే ఉంటుంది. హార్ట్‌బీట్ అయితే ఆ గొడవే లేకుండా 1992 నుంచి 2010 దాకా ఆదివారం సాయంత్రాలు యార్క్‌షైర్ పల్లెటూరు, అరవైల పాటలు, చిన్న చిన్న దొంగతనాలతో హాయిగా నడిపేశారు. లైఫ్ ఆన్ మార్స్ వాళ్ళు ఆ ముసుగు తీసేశారు, 1973లో మన ఆలోచనలున్న మనిషి కావాలా, అయితే మన కాలం మనిషినే అక్కడ పడేద్దాం అన్నారు. దాంతో పక్కనున్న జీన్ హంట్‌ని ఏ మొహమాటం లేకుండా ఆ కాలం మనిషిగా రాసే స్వేచ్ఛ వచ్చింది. రైటర్‌గా చెప్తున్నా, ఇంత నిజాయితీ అయిన పరిష్కారం ఈ రకం కథల్లో నేను ఇంకోటి చూడలేదు.

ఇంకోటి కూడా మెచ్చుకున్నారు, సిమ్ నటన. అది పైకి కనపడేది కాదు. దాదాపు ప్రతి సీన్‌లోనూ సామ్ ఉంటాడు, ఎందుకంటే ఆ ప్రపంచం మొత్తం సామ్ బుర్రలోది కావొచ్చు కాబట్టి అతను లేని చోటికి కెమెరా వెళ్ళకూడదు. రోజంతా ఆ సెట్లో నిలబడి, నవ్వు తెప్పించే సీన్‌కీ ఏడిపించే సీన్‌కీ మధ్య భయం పోనివ్వకుండా పట్టుకోవడం మామూలు పని కాదు. జనం చప్పట్లు గ్లెనిస్టర్‌కి వెళ్ళాయి గానీ సీరీస్ భారం మోసింది సిమ్.

సరే, మీ అసలు అనుమానానికి వద్దాం. జీన్ హంట్ హీరోలా ఉన్నాడు అన్నారు. ఉన్నాడు, కాదనను. ఒంటె రంగు కోటు, డ్రైవింగ్ గ్లవ్స్, జేబులో చిన్న విస్కీ సీసా, కార్టినా కారు అట్టపెట్టెల్ని గుద్దుకుంటూ రావడం, మన భాషలో చెప్పాలంటే ప్రతి ఎపిసోడ్‌లో మాస్ ఎంట్రీ. పంచ్ డైలాగులన్నీ అతనివే. అప్పట్లో అక్కడ అదే జరిగింది, సీరీస్ మొదలైన కొన్ని వారాలకే పేపర్లన్నీ సామ్‌ని వదిలేసి హంట్ గురించి రాయడం మొదలుపెట్టాయి, హంట్ పేరుమీద పుస్తకాలు అచ్చేశారు, అన్యాయంగా ఆడవాళ్ళని తక్కువ చేసి మాట్లాడే పాత్ర మీద ఆడవాళ్ళకే మనసు పడింది అని వ్యాసాలొచ్చాయి. ఇంకోపక్క 2007లో ఎన్‌ఏఎస్‌యూడబ్ల్యూటీ అనే టీచర్ల సంఘం తరఫున గట్టిగా విమర్శ వచ్చింది, హంట్ నోట్లోంచి వచ్చే తిట్లు, ముఖ్యంగా స్వలింగ సంపర్కుల మీద వాడే మాటలు, పిల్లలు బళ్ళో తోటివాళ్ళ మీద వాడతారని. ఆ విమర్శని చాలామంది నవ్వి కొట్టిపడేశారు, నేను కొట్టిపడెయ్యను, రోజూ క్లాసురూములో ఉండేవాళ్ళకి ఏ మాట ఎక్కణ్ణుంచి వస్తోందో మనకన్నా బాగా తెలుస్తుంది.

హంట్ మీద జనానికున్న ప్రేమ ఎంతదాకా వెళ్ళిందో చెప్పడానికి 2010 ఎన్నికల ముచ్చట ఒకటి చాలు. అప్పటికి దీనికి కొనసాగింపుగా వచ్చిన సీరీస్ యాషెస్ టు యాషెస్ నడుస్తోంది, అది 1980ల లండన్, హంట్ కారు ఎర్ర ఆడి క్వాట్రో. లేబర్ పార్టీ వాళ్ళు కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు డేవిడ్ కామెరాన్‌ని హంట్ వేషంలో ఆ క్వాట్రో మీద కూర్చోబెట్టి, ఇతను మళ్ళీ ఎనభైల్లోకి తీసుకుపోతాడు జాగ్రత్త అని పోస్టరు వేశారు. తిట్టు అనుకుని వేశారు. కన్సర్వేటివ్ పార్టీ వాళ్ళు అదే బొమ్మ తీసుకుని కింద మాట మార్చి, మార్పుకి టైమైంది బండి తియ్యండి అన్నట్టు తమ పోస్టరుగా వేసేసుకున్నారు. పోస్టరు తయారుచేసిన వాళ్ళు హంట్ అంటే భయపడతారు అనుకున్నారు, జనం హంట్ అంటే మురిసిపోతున్నారు. ఈ సీరీస్‌ని జనం ఎలా తీసుకున్నారో చెప్పడానికి ఏ రివ్యూ కన్నా నాకు ఆ రెండు పోస్టర్లే పెద్ద సాక్ష్యం.

మరి రైటర్లు లాకప్ దెబ్బల్ని పొగిడారా. నా మాట ఏంటంటే, పొగడలేదు, కానీ హంట్‌కి ఒక పెద్ద వెసులుబాటు ఇచ్చారు, క్రిటిక్స్ ఎక్కువమంది పట్టించుకోనిది అదే. హంట్ ఎవర్నైనా అన్యాయంగా పట్టుకుంటే దాన్ని సరిచెయ్యడానికి సామ్ ఉంటాడు. వేలిముద్రలు, ఓపిగ్గా ప్రశ్నలు వెయ్యడం, సాక్ష్యం భద్రంగా దాచడం, ఇవన్నీ తెలిసినవాడు 2006 నుంచి దిగొచ్చాడు, గంట తిరిగేలోపు అమాయకుడు బయటికొస్తాడు, అసలువాడు దొరుకుతాడు. కాబట్టి హంట్ కొట్టిన దెబ్బకి ఎవరి జీవితమూ శాశ్వతంగా పోదు, పోయినా మనం మనసు పెట్టుకున్న మనిషిది కాదు. దానికి తోడు కథ కొన్నిచోట్ల హంట్ వైపు తూగుతుంది కూడా, రెండో ఎపిసోడ్ గుర్తుందా, దొంగ సాక్ష్యంతో ఇరికించారని సామ్ పట్టుబట్టి ఒకణ్ణి వదిలేయిస్తే వాడు బయటికెళ్ళి ఇంకొకరి మీద కాల్పులు జరుపుతాడు, రూలు పాటించినందుకు శిక్ష పడ్డట్టు ఉంటుంది ఆ ఎపిసోడ్. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నిజం 1973లో ఏ సామ్ టైలరూ లేడు కదండి. దానికి సరిగ్గా ముందు ఏడాదే, 1972 ఏప్రిల్‌లో లండన్‌లో మాక్స్‌వెల్ కాన్‌ఫెయిట్ అనే మనిషి హత్య జరిగింది. ముగ్గురు కుర్రాళ్ళని పట్టుకున్నారు, వయసులు 18, 15, 14, పెద్దవాడికి బుద్ధి ఎదగలేదు. లాయరు లేడు, ఇంట్లోవాళ్ళు పక్కన లేరు, స్టేషన్లో ఒప్పుకోలు రాయించారు, ఆ ఒప్పుకోలు మీదే ఆ ఏడాది నవంబరులో శిక్షలు పడ్డాయి. హత్య జరిగిన టైము వాళ్ళు చెప్పినదానితో పొసగట్లేదని తేలి అప్పీలు కోర్టు ఆ శిక్షలు కొట్టేసేసరికి 1975 అక్టోబరు వచ్చింది. మూడేళ్ళు. పధ్నాలుగేళ్ళ పిల్లాడికి మూడేళ్ళంటే ఏంటో ఆలోచించండి. ఆ కేసు మీద ఎంక్వయిరీ వేశారు, దాని వెనకే ఒక రాయల్ కమిషన్ వచ్చింది, అందులోంచే 1984లో పేస్ అనే చట్టం వచ్చింది, స్టేషన్లో ఎంతసేపు ఉంచుకోవచ్చు, లాయరు ఎప్పుడు రావాలి, ఇంటరాగేషన్ టేపు చెయ్యడం, అన్నీ దాని తర్వాత గట్టిపడ్డాయి. సామ్ సీరీస్‌లో మాటిమాటికీ అలవాటుగా అడిగే లాయరు, టేపు రికార్డరు అవన్నీ ఎవరో దయతలిచి ఇచ్చినవి కావు, ఆ ముగ్గురు కుర్రాళ్ళ లాంటి వాళ్ళు జైల్లో కూర్చుంటే వచ్చినవి. బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబుల కేసులో తప్పుగా ఇరికించిన ఆరుగురు, బర్మింగ్‌హామ్ సిక్స్ అంటారు, వాళ్ళ సంగతి ఇంకా దారుణం, 1975లో శిక్ష పడితే 1991 దాకా లోపలే ఉన్నారు.

ఇక్కడ మనకీ వాళ్ళకీ తేడా ఒకటి చెప్పాలి, చాలామంది తెలుగువాళ్ళు ఈ సీరీస్ చూస్తూ తికమక పడేది ఇక్కడే. స్టేషన్లో నేరం ఒప్పుకోగానే కేసు అయిపోయినట్టు హంట్ పబ్బుకి వెళ్ళిపోతాడేంటి అని. అక్కడ పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో పనికొస్తుంది, మన దగ్గర చెల్లదు, 1872 సాక్ష్య చట్టంలో సెక్షన్ 25 నుంచీ అంతే, కొత్త చట్టంలో అది సెక్షన్ 23 అయింది. పోలీసుల మీద నమ్మకం లేక బ్రిటిష్ వాళ్ళే ఇక్కడ పెట్టిన రూలు అది, వాళ్ళ దేశంలో పెట్టుకోలేదు. అలాగని మన దగ్గర దెబ్బలు తగ్గలేదు, ఒప్పుకోలు చెల్లకపోయినా అతను చెప్పిన చోట వస్తువు దొరికితే అంతవరకు చెల్లుతుంది కాబట్టి మన దగ్గర కొట్టేది రికవరీ కోసం. క్రైమ్ ఎపిసోడ్లు రాసేటప్పుడు రిటైరైన సీఐలతో కూర్చుని మాట్లాడితే వాళ్ళ నోట మొదట వచ్చే మాట రికవరీయే.

మనవాళ్ళు హంట్‌ని చూసి ఎందుకు ఇబ్బందిపడరో కూడా నాకు తెలుసు, మనం పెరిగింది అలాంటి పోలీసు హీరోల మధ్యే. తెర మీదే అయితే పర్లేదు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చేస్తే ఆ పోలీసుల మీద పూలు చల్లారు, టీవీల్లో అందరం చూశాం. 2022లో సిర్‌పుర్కర్ కమిషన్ రిపోర్టు బయటికొచ్చి, కావాలనే చంపడానికి కాల్చారు అని చెప్తే ఆ వార్త ఎంతమంది చదివారు. జరిగిన నేరం ఎంత ఘోరమో నాకు తెలుసు, ఆ అమ్మాయిని తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది, అయినా ఈ మాట అనాలి. అందుకే మీరు నాలుగు ఎపిసోడ్లకే ఆ అనుమానం రావడం నాకు సంతోషంగా ఉంది.

ఇంగ్లండులో కూడా డెబ్భైల నాటి టీవీ పోలీసు వేరు, అసలు పోలీసు వేరు. 1975 నుంచి 78 దాకా ఐటీవీలో ద స్వీనీ అని వచ్చేది, దోపిడీ దొంగల్ని పట్టే లండన్ పోలీసు దళం ఫ్లయింగ్ స్క్వాడ్ మీద, జాన్ థా హీరో, హంట్ పాత్రకి మూలం ఆ రకం పోలీసే. ఆ సీరీస్ పేరు మోగిపోతున్న రోజుల్లోనే, 1977లో, అసలు ఫ్లయింగ్ స్క్వాడ్‌కి కమాండరుగా చేసిన కెన్నెత్ డ్రూరీకి లంచం కేసులో ఎనిమిదేళ్ళ జైలు పడింది. సోహోలో అశ్లీల పుస్తకాల వ్యాపారం చేసేవాడి దగ్గర డబ్బు తిన్నాడు. తెరమీద రూలు మీరేది దొంగల్ని పట్టడానికి, బయట రూలు మీరింది దొంగలతో కలిసి తినడానికి. లైఫ్ ఆన్ మార్స్ ఈ విషయం పూర్తిగా దాచలేదు, మీరు చూసిన నాలుగో ఎపిసోడ్‌లోనే హంట్ ఊళ్ళో పెద్ద రౌడీ దగ్గర కవరు తీసుకుంటాడు కదా. కానీ ఎపిసోడ్ అయ్యేలోపు మనసు మార్చుకుంటాడు, మనం క్షమించేస్తాం.

అందుకే నాలుగు దగ్గర ఆపొద్దు, ఏడుదాకా వెళ్ళండి. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో స్టేషన్లో ఒకడు చచ్చిపోతాడు, సామ్ తన టీమ్‌నే విచారించాలి. అప్పటిదాకా మనల్ని నవ్వించిన మొహాలే, అవే జోకులు, ఇప్పుడు నవ్వు రాదు, ఎవరు తలుపు దగ్గర నిలబడ్డారు, ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు, ఒక్కొక్కరిదీ బయటికొస్తుంటే ఊపిరాడదు. నా దృష్టిలో మొత్తం పదహారింట్లో అదే పైది. మీ ప్రశ్న రైటర్లకి కూడా తెలుసు, వాళ్ళు తప్పించుకోలేదు అని ఆ ఎపిసోడ్ చూస్తే తెలుస్తుంది. అలాగే ఆనీ కార్ట్‌రైట్ పాత్రని గమనించండి, లిజ్ వైట్ చేసింది. చదువుంది, తెలివుంది, అయినా టీ కప్పులు అందించే చోట నిలబెడతారు, అప్పట్లో పోలీసుల్లో ఆడవాళ్ళది వేరే విభాగం, లింగ వివక్ష మీద చట్టం వచ్చిన 1975 దాకా చాలాచోట్ల అదే పద్ధతి. రెండో సీజన్లో ఆమెని డిటెక్టివ్‌ని చేస్తారు, అయినా గదిలో ఆమె మాట వినరు. ఆ పాత్రకి ఇంకా చోటు ఇచ్చుంటే సీరీస్ ఇంకో మెట్టు ఎక్కేది అని నా గట్టి అభిప్రాయం.

ముగింపు మీద అప్పట్లో పెద్ద గొడవే అయింది. సామ్ కోమాలోంచి లేస్తాడు, 2006కి వచ్చేస్తాడు, ఆఫీసు, మీటింగు, అన్నీ బూడిదరంగులో ఉంటాయి, మీటింగులో వేలు తెగినా నొప్పి తెలీదు, బిల్డింగు పైకెక్కి దూకేస్తాడు, 1973లో స్నేహితుల దగ్గరికి చేరతాడు. దాన్ని ఆనందంగా చూపించారు. కొందరు క్రిటిక్స్ అద్భుతం అన్నారు, కొందరికి ఒక మనిషి ప్రాణం తీసుకోవడాన్ని అంత తేలిగ్గా, అంత హాయిగా చూపించడం నచ్చలేదు. నేను రెండో వైపు. కథ లెక్కప్రకారం ఆ ముగింపు సరిపోతుంది, బతికున్నట్టు అనిపించే చోటికే మనిషి వెళ్తాడు అన్నది వాళ్ళ లాజిక్, కానీ చూసేవాళ్ళలో కుంగిపోయి ఉన్నవాళ్ళుంటారు, ఆ బాధ్యత రైటరుకి ఉంటుంది.

మొదట్లో చెప్పిన అసలు జవాబు ఇప్పుడు. యాషెస్ టు యాషెస్ 2008 నుంచి 2010 దాకా మూడు సీజన్లు వచ్చింది, ఇరవైనాలుగు ఎపిసోడ్లు, ఈసారి కీలీ హాస్ చేసిన అలెక్స్ డ్రేక్ అనే ఆఫీసరు 1981లో లేస్తుంది. మొదటి సీజన్‌కి రివ్యూలు అంతంతమాత్రం, న్యాయమే, ఎందుకంటే అలెక్స్‌కి సామ్ కేసు ఫైలు ముందే తెలుసు, చుట్టూ ఉన్న మనుషులంతా నా బుర్రలో బొమ్మలు అని ఆమే అంటుంటే మనకి వాళ్ళ మీద పట్టింపు ఎలా వస్తుంది. కానీ మూడో సీజన్ నాటికి రాత చాలా గట్టిపడింది, 2010 మే 21న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో గుట్టు విప్పారు. ఈ ప్రపంచం మొత్తం చనిపోయిన పోలీసులు మిగిలిన లెక్కలు తేల్చుకునే చోటు. జీన్ హంట్ అసలు ఎవరంటే, 1953లో రాణిగారి పట్టాభిషేకం రోజు తుపాకి దెబ్బకి చచ్చిపోయిన కుర్ర కానిస్టేబుల్. ఉద్యోగంలో చేరి ఎన్నో రోజులు కాలేదు, సన్నగా ఉండే పిల్లాడు. కౌబాయ్ సినిమాల్లో షెరీఫులని చూసి పోలీసంటే ఇలా ఉండాలి అని ఆ పిల్లాడు ఊహించుకున్న రూపమే ఆ కోటు, ఆ కారు, ఆ పిడికిలి.

ఇది చూశాక వెనక్కెళ్ళి మొదటి నుంచి చూస్తే సీరీస్ మొత్తం మారిపోతుంది. హంట్ 1973 నాటి పోలీసు బొమ్మ కాదు, ఎవరూ నిజంగా అలా లేరు, వాడు ఒక భయపడ్డ పిల్లాడి కల. ఐదేళ్ళు దేశమంతా ప్రేమించింది, రాజకీయ పార్టీలు పోస్టర్లేసుకుంది ఆ కలనే. రైటర్లు తమ పాత్ర మీద తామే రాసుకున్న విమర్శ అది, బయటి క్రిటిక్స్ ఎవరూ అంత లోతుగా రాయలేదు అని నేను నమ్ముతా. ఆ ఎపిసోడ్ చివర్లో డిక్సన్ ఆఫ్ డాక్ గ్రీన్ అనే పాత పోలీసు సీరీస్ ముక్క ఒకటి చూపిస్తారు, ఆ జార్జ్ డిక్సన్ 1950 నాటి ఒక సినిమాలో తుపాకి దెబ్బకి చచ్చిపోయిన కానిస్టేబుల్ పాత్ర, తర్వాత 1955 నుంచి 1976 దాకా టీవీలో ఏమీ జరగనట్టు బతికే ఉన్నాడు. చచ్చిపోయిన పోలీసు టీవీలో బతకడం అనే ఆలోచన ఎక్కడిదో అక్కడ చెప్పేశారు. నాకు ఆ ఒక్క షాటు కోసం లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది.

రీమేకుల గురించి త్వరగా చెప్తా. అమెరికాది 2008-09లో ఏబీసీలో, పదిహేడు ఎపిసోడ్లు, న్యూయార్క్, హంట్‌గా హార్వీ కైటెల్. అంతకుముందు లాస్ ఏంజెలెస్‌లో ఒక పైలట్ తీసి పక్కనపెట్టేశారు. న్యూయార్క్ వాతావరణం బాగుంటుంది, నటులు గట్టివాళ్ళు, కానీ ముగింపులో వీళ్ళంతా మార్స్‌కి వెళ్తున్న రాకెట్లో నిద్రపోతున్నారు అని తేల్చారు, సీరీస్‌కి పేరిచ్చిన డేవిడ్ బౌయీ పాట పేరుని అక్షరాలా తీసుకున్నారు, అప్పటిదాకా పడిన కష్టమంతా పోయింది. వదిలేయండి. స్పెయిన్ వాళ్ళు 1977లో పెట్టారు, నియంత ఫ్రాంకో పోయిన రెండేళ్ళకి. చెక్ వాళ్ళు 2017లో చేసింది 1982 నాటి కమ్యూనిస్టు రోజుల్లో నడుస్తుంది. ఆ దేశాల్లో పాత పోలీసంటే సర్కారు చేతిలో కర్ర, కాబట్టి ఆ రోజులే బాగుండేవి అనే మాట అక్కడ అంత తేలిగ్గా రాదు, ఆ కోణంలో చెక్ వాళ్ళది దొరికితే చూడండి.

కొరియాది తప్పకుండా చూడండి. ఓసీఎన్‌లో 2018లో వచ్చింది, పదహారు ఎపిసోడ్లు, 1988లో పెట్టారు, సియోల్ ఒలింపిక్స్ ఏడాది. జంగ్ క్యుంగ్ హో, పార్క్ సంగ్ వుంగ్ జోడీ బ్రహ్మాండంగా కుదిరింది, భావోద్వేగం ఇంగ్లిషు దానికన్నా ఎక్కువ, మన అభిరుచికి దగ్గర. కానీ చూసేటప్పుడు ఒక నిజం పక్కన పెట్టుకోండి. అదే 1988లో హ్వాసంగ్ దగ్గర జరిగిన ఒక హత్యలో ఒక వికలాంగుణ్ణి పట్టుకుని, హింసించి ఒప్పుకోలు రాయించారు, సుమారు ఇరవై ఏళ్ళు జైల్లో ఉన్నాడు. 2019లో అసలు హంతకుడు తనే అని వేరేవాడు ఒప్పుకున్నాడు, 2020 డిసెంబరులో కోర్టు మళ్ళీ విచారించి ఇతను నిర్దోషి అంది. అంటే సీరీస్ వచ్చిన 2018లో ఆ మనిషి శిక్ష పూర్తిచేసి బయట ఉన్నాడు గానీ లోకం దృష్టిలో ఇంకా హంతకుడే. ఆ సీరీస్‌లో అమాయకుణ్ణి కాపాడే సీన్లు వచ్చినప్పుడు నాకు ఆయనే గుర్తొస్తాడు.

మీరైతే ఈ వరసలో వెళ్ళండి: ఇంగ్లిషు లైఫ్ ఆన్ మార్స్ రెండు సీజన్లు పూర్తిగా, తర్వాత యాషెస్ మొదటి సీజన్ ఓపిక ఉంటేనే, దాని మొదటి ఎపిసోడ్, ఆఖరి ఎపిసోడ్ మాత్రం వదలొద్దు, రెండు మూడు సీజన్లు పూర్తిగా. ఆ తర్వాత కొరియాది. ఏడో ఎపిసోడ్ చూశాక మీకేమనిపించిందో ఇక్కడే రాయండి, హంట్ మీద మీ కోపం తగ్గిందో పెరిగిందో నాకు తెలుసుకోవాలనుంది.